ఈథర్ తప్పే, కానీ ఆ తప్పు లేకపోతే మాక్స్‌వెల్‌కి వెలుతురు లెక్క దొరికేదా?

ఈథర్ గురించి మనలో చాలామందికి తెలిసిన కథ మూడు ముక్కల్లో అయిపోతుంది. వెలుతురు ప్రయాణించాలంటే ఏదో ఒక పదార్థం ఉండాలని పాతకాలం వాళ్లు అనుకుని దాన్ని ఈథర్ అన్నారు, 1887లో మైకెల్సన్, మోర్లీ ప్రయోగం చేస్తే దాని జాడ దొరకలేదు, 1905లో ఐన్‌స్టీన్ వచ్చి అసలు దాని అవసరమే లేదన్నాడు. ఇలా చెబితే వినే పిల్లలకి ఏమనిపిస్తుంది, అంత పెద్ద సైంటిస్టులు లేనిదాన్ని పట్టుకుని అన్నేళ్లు వేలాడారా అనే కదా. నా అభ్యంతరం అక్కడే.

చిన్నప్పుడు పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతాన్ని ఇసుకలో తిప్పితే నల్లపొడి అంటుకునేది గుర్తుందా, ఆ పొడిని కాగితం మీద చల్లి కింద అయస్కాంతం పెట్టి వేలితో మెల్లగా తడితే పొడి వంపులు వంపులుగా సర్దుకుంటుంది. మైకేల్ ఫారడే జీవితమంతా ఆ గీతల్నే చూశాడు. కమ్మరి కొడుకు, లండన్‌లో పుస్తకాల బైండింగ్ షాపులో పని నేర్చుకున్నవాడు, లెక్కలు పెద్దగా రావు. అప్పట్లో లెక్కలొచ్చిన పెద్దవాళ్లంతా రెండు తీగల మధ్య బలం ఎంతో ఫార్ములా రాసేసి మధ్యలో ఖాళీనే కదా అని వదిలేస్తుంటే, ఈయనకి మాత్రం ఆ ఖాళీ మీదే ధ్యాస. 1831 ఆగస్టు 29న ఇనప రింగుకి రెండు వైపులా తీగ చుట్టి ఒకవైపు బ్యాటరీ తగిలిస్తే రెండోవైపు తీగ దగ్గర పెట్టిన అయస్కాంత సూది చటుక్కున కదిలి మళ్లీ ఆగిపోయింది, బ్యాటరీ తీసేసినప్పుడు మళ్లీ కదిలింది, మధ్యలో కరెంటు నిలకడగా పారుతున్నంతసేపు మాత్రం చలనం లేదు. అంటే మారేటప్పుడే ఏదో జరుగుతోంది, అదీ మధ్యలో ఉన్న జాగాలో.

1846లో ఆయన ఇంకా పెద్ద మాట అన్నాడు. వెలుతురు అంటే ఈ బలరేఖలే, అంటే పొడిలో కనిపించే ఆ గీతలే, వణకడం అయ్యుండొచ్చు, అలాగైతే ఈథర్ అక్కర్లేదు కదా అని. ఇది ఊహ మాత్రమే అని తనే చెప్పుకున్నాడు, కానీ ఐన్‌స్టీన్ కంటే 59 ఏళ్ల ముందు అన్నాడు చూడండి.

మరి అలాంటప్పుడు ఈథర్ అక్కడితో పోవాలి కదా, పోలేదు, ఎందుకంటే వణుకుతాయి అంటే సరిపోదు, ఎంత స్పీడుతో వణుకుతాయో లెక్క కావాలి. ఆ లెక్క స్కాట్లాండ్ భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ తెచ్చాడు, తెచ్చింది ఈథర్ పట్టుకునే. 1861-62లో రాసిన పేపర్లో ఆయన ఊహించుకున్న ఈథర్ చూస్తే అచ్చం మెషీన్ లాగే ఉంటుంది, అయస్కాంత రేఖల పొడవునా గిర్రున తిరిగే చిన్న చిన్న గదులు, అవి ఒకదానికొకటి ఒరుసుకోకుండా మధ్యలో బేరింగుల్లో గోళీల లాంటి కణాలు, ఆ కణాలు కదిలితే అదే కరెంటు. గదులు సాగే గుణం ఉన్నవి అనుకుంటే కరెంటు పారని చోట కూడా ఆ కణాలు కాస్త జరుగుతాయి, ఈ జరగడం నుంచే డిస్‌ప్లేస్‌మెంట్ కరెంట్ పుట్టింది, అది లేకపోతే తరంగమే లేదు. సాగే గుణం ఉన్నదాంట్లో అల ఎంత స్పీడుతో పోతుందో లెక్క కట్టొచ్చు. దానికి కావాల్సిన అంకె జర్మనీలో వెబర్, కోల్‌రాష్ 1856లోనే విద్యుత్ ప్రయోగాల్లో కొలిచి పెట్టారు. లెక్క కడితే సెకనుకి సుమారు 3,10,000 కిలోమీటర్లు వచ్చింది. ఫ్రాన్స్‌లో ఫిజో 1849లో పళ్లచక్రంతో కొలిచిన వెలుతురు స్పీడు సుమారు 3,15,000. ఒకటి వెలుతురుతో సంబంధమే లేని కొలత, ఇంకోటి అచ్చంగా వెలుతురు కొలత, రెండూ దాదాపు ఒకే చోటికి వచ్చాయి. ఇది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

స్లాబ్ వేసేటప్పుడు సెంటరింగ్ కొడతాం, కాంక్రీట్ గట్టిపడ్డాక పీకేస్తాం, అంతమాత్రాన సెంటరింగ్ దండగ అని ఎవరూ అనరు. 1865 పేపర్‌కి వచ్చేసరికి మాక్స్‌వెల్ ఆ గదుల్ని, గోళీల్ని పక్కన పెట్టేశాడు, సమీకరణాలు నిలబడ్డాయి. ఈథర్ ఉందనే నమ్మకం మాత్రం 1879లో పోయేదాకా వదల్లేదు.

ఇంకో మాట, ఈథర్ అంటే మన పంచభూతాల్లో ఆకాశమే అని చాలామంది గట్టిగా నమ్ముతారు. వాళ్ల నమ్మకాన్ని తక్కువ చేయడం లేదు కానీ రెండూ ఒకటి కాదు. ఈ ఈథర్‌తో లెక్కలు కట్టారు, అంకెలు తప్పయితే దొరికిపోయేలా పెట్టారు. అందుకే దొరికిపోయింది కూడా. క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లీ పెద్ద ఇసుకరాతి బండని పాదరసంలో తేల్చి, దాని మీద అద్దాలు పెట్టి మెల్లగా తిప్పుతూ, భూమి సెకనుకి 30 కిలోమీటర్లు పరిగెడుతుంది కాబట్టి ఈథర్ గాలి తగలాలి కదా అని చూస్తే, వెలుతురులో కనపడాలనుకున్న మార్పులో 20వ వంతు కూడా రాలేదు. వాళ్లేమీ ఈథర్ లేదని నిరూపించడానికి కూర్చోలేదు, ఉన్నదాన్ని కొలుద్దామని కూర్చున్నారు.

తర్వాత ఈథర్ పోయింది, మాక్స్‌వెల్ సమీకరణాలు మాత్రం ఐన్‌స్టీన్ రిలేటివిటీలోకి మార్పు లేకుండా వచ్చేశాయి. మన క్లాసుల్లో ఆ సమీకరణాలు బోర్డు మీద రాసే ముందు ఒక్క పది నిమిషాలు కాగితం, అయస్కాంతం, ఇనప పొడి పిల్లల చేతికి ఇచ్చి, ఆ గీతకీ ఈ గీతకీ మధ్య ఏముందని మీరనుకుంటున్నారు అని అడిగితే చాలు, ఫారడే దగ్గర్నుంచి మాక్స్‌వెల్ దాకా తన్నుకులాడింది ఆ ప్రశ్నతోనే.