తోలు లేవని విమర్శలు

ఎవరినైనా తూర్పారబట్టడానికి ఇంగ్లీషులో క్రియలకు కొదవ లేదు గానీ, వాటిలో ‘ఎక్స్‌కోరియేట్’కు జరుగుతున్నంత అన్యాయం మరి దేనికీ జరగడం లేదని మనవి. లాటిన్‌లో ‘కోరియం’ అంటే తోలు. ‘ఎక్స్’ అంటే బయటికి. రెండూ కలిసిన ‘ఎక్స్‌కోరియారే’ అంటే ఒంటి మీది తోలు ఊడదీయడం. 15వ శతాబ్దంలో ఇంగ్లీషులో అడుగుపెట్టినప్పుడు కూడా ఆ క్రియ చర్మం సంగతే చెప్పేది. అలంకారం తర్వాత పుట్టింది, దాని వెంటే బాధ్యతారాహిత్యమూ పుట్టింది.

ప్రతిపక్ష సభ్యుడొకరు మంత్రిని ఎక్స్‌కోరియేట్ చేశారని పతాక శీర్షిక చూసి, ఆందోళనతో మిగతా వార్త చదివితే తేలేదేమిటంటే, సభ్యుడు తీవ్ర విచారం వ్యక్తం చేశారు, మంత్రి నవ్వారు, ఆపైన ఇద్దరూ టీ తాగారు. మంత్రిగారి చర్మం యథాస్థానంలోనే ఉంది. ఆ ఉపన్యాసంతో మరో పొర మందమెక్కి ఉన్నా ఆశ్చర్యం లేదు. ఈ విషయంలో తెలుగువాడు నిజాయితీపరుడు. ‘తోలు తీస్తాను’, ‘చెమడాలు ఒలిచేస్తాను’ అని ఎప్పుడూ భవిష్యత్కాలంలోనే అంటాడు తప్ప, పని పూర్తయినట్టు భూతకాలంలో ప్రకటించడు.

ఈ మాటను ఇంకా పద్ధతిగా వాడుతున్నవారు చర్మవైద్యులు. గోకగా గోకగా పైపొర లేచిపోయిన చోటును కళ్లారా చూశాకే ఎక్స్‌కోరియేషన్ అని రాస్తారు. తన చర్మాన్ని తానే గిల్లుకుంటూ ఉండే అలవాటును అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో తన రోగనిర్ధారణ గ్రంథం అయిదో కూర్పులో ఇదే పేరుతో రుగ్మతగా చేర్చింది. ఆత్మవిమర్శ జోలికి పోని రచయితలకు అది గొప్ప ఊరట అయి ఉంటుంది.

ఇక వ్యుత్పత్తికి లోటు రాకుండా సాగిన విమర్శ చూడాలంటే ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాసిన చరిత్ర తెరవాలి. లంచం తిని తప్పుడు తీర్పు చెప్పిన సిసమ్నెస్ అనే న్యాయాధికారిని పర్షియా రాజు కాంబైసిస్ చంపించి, తోలు ఒలిపించి, దాన్ని పట్టీలుగా కోయించి, అతడు తీర్పులు చెప్పిన ఆసనానికే బిగింపజేశాడట. ఆ పదవిని అతని కొడుకుకే ఇచ్చి, దేని మీద కూర్చుని తీర్పు చెబుతున్నావో మరిచిపోకు అన్నాడట. పద్ధతి మీద అభ్యంతరాలు ఉండవచ్చు గానీ, విమర్శకు ఫలితం కనిపించలేదని మాత్రం ఎవరూ అనలేరు.

అంత పని చేతకానివారికి, గట్టిగా మందలించడమని చెప్పే ‘కాస్టిగేట్’ ఉండనే ఉంది. అందులోని ‘కాస్టస్’ అంటే స్వచ్ఛమైనదని అర్థం కాబట్టి, తిట్టినవారు శుద్ధి చేశామని చెప్పుకోవచ్చు, తోలు చూపించమని ఎవరూ అడగరు. ఎక్స్‌కోరియేట్ వాడదలచినవారు మాత్రం ఇకపై ఆధారం జతచేయాలి. అట్ట దాటి లోపలికి వెళ్లని పుస్తక సమీక్షకులకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. పైతోలు దగ్గరే ఆగిపోయే పని కనుక, లాటిన్ ప్రకారం వారి వాడుక నిర్దుష్టం.