మనసులో ఉంటే సరిపోతుందా?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు వచ్చే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. అబ్బాయికి జీతం ఎంత, పొలం ఎన్నెకరాలు, జాతకాలు కుదిరాయా, మేనరికమా బయటి సంబంధమా. ప్రేమించి పెళ్లి చేసుకునేవాళ్లు ఈ లెక్కలు చూసి నవ్వుతారు. కానీ వాళ్లు చూసేది కూడా మనిషినే: కోపిష్టా, నెమ్మదస్తుడా, ఇష్టాలు కలుస్తాయా అని. సరైన మనిషి దొరికితే కాపురం దానంతటదే బాగుంటుందన్న నమ్మకం రెండు వర్గాలకూ ఒకటే.

ఈ నమ్మకాన్ని పెద్ద ఎత్తున పరీక్షించిన అధ్యయనం 2020లో వచ్చింది. కెనడాకు చెందిన మనస్తత్వ పరిశోధకురాలు సమంతా జోయెల్, మరెందరో పరిశోధకులు కలిసి 11,196 జంటల వివరాలను, కంప్యూటరే పోకడలను పసిగట్టే మెషిన్ లెర్నింగ్‌తో జల్లెడ పట్టారు. తమ బంధంలో కొందరికి ఎక్కువ తృప్తి, మరికొందరికి తక్కువ తృప్తి ఎందుకన్నది ప్రశ్న. ఆదాయం, వయసు, స్వభావం లాంటి వ్యక్తిగత లక్షణాలు ఈ తేడాలో 21 శాతం వరకు వివరించగలిగాయి. బంధం గురించి మనిషికి ఏమనిపిస్తోందన్నది 45 శాతం వరకు వివరించింది. ఆ రెండో కోవలో అన్నిటికన్నా ముందున్నది, అవతలి మనిషి ఈ బంధానికి కట్టుబడి ఉన్నారన్న నమ్మకం. తర్వాత మెచ్చుకోలు, లైంగిక తృప్తి, గొడవలు వగైరా వస్తాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. తృప్తి గురించి, భాగస్వామి గురించి ఒకే మనిషిని అడిగితే రెండు జవాబులూ ఒకే దారిలో పోవడంలో వింతేముంది? సబబైన అభ్యంతరమే. అందుకే నాకు అసలు ఫలితం కన్నా దాని పక్కనున్న ఇంకో ఫలితం ముఖ్యంగా కనిపిస్తుంది. భార్య ఏమనుకుంటోందో తెలిశాక, భర్త తన గురించి తాను ఇచ్చిన జవాబులను కలిపినా ఆమె తృప్తి గురించి కొత్తగా తెలిసింది చాలా తక్కువ. అటు నుంచి ఇటైనా అంతే. అంటే ఆయన మనసులో ఎంత ప్రేమ ఉందన్నది ఆమెకు కనిపించిన మేరకే లెక్కలోకి వస్తోంది.

మన వైపు మగవాళ్లకు ఇది మింగుడుపడదు. "చెప్పాలా ఏంది? ఇంత చేస్తున్నా తెలీదా?" అంటారు. చెన్నైలోనో గల్ఫ్‌లోనో పని చేసి నెలనెలా డబ్బు పంపేవాడు, ఇంటి అప్పు తీర్చేవాడు తన ప్రేమను అలాగే చూపిస్తున్నాననుకుంటాడు. అది ప్రేమ కాదని నేననను. ఆడవాళ్లలోనూ అలాంటివాళ్లున్నారు: ఆయనకిష్టమని చేపల పులుసు చేసి పెడతారు గానీ ఒక మంచి మాట నోరారా అనరు. అయితే ఇద్దరూ ఎవరి లెక్క వాళ్లు మనసులో రాసుకుంటూ పోతే, రెండు పద్దులూ ఒకచోట చేరేదెప్పుడు?

అమెరికాలో మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ కొత్త దంపతులను ల్యాబ్‌లో గమనించి, ఆరేళ్ల తర్వాత మళ్లీ వాకబు చేశారు. ఒకరు పలకరింపుగా ఏదో అంటే రెండోవాళ్లు పట్టించుకున్నారా లేదా అన్నదే ఆయన చూసింది. కలిసి ఉన్నవాళ్లు అలాంటి సందర్భాల్లో 86 శాతం స్పందించారు, విడిపోయినవాళ్లు 33 శాతం. మన ఇళ్లలో ఆ పలకరింపు "ఇయ్యాళ ములక్కాయలు ఎంత చెప్తున్నారో తెలుసా?" అన్నంత మామూలుగా ఉంటుంది. ఆమెకు కావలసింది ములక్కాయల రేటు మీద చర్చ కాదు, ఫోన్‌లోంచి తల ఎత్తడం.

ఇదంతా విని, తప్పంతా మనుషులదేనని తేల్చేస్తే అన్యాయమవుతుంది. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల సాగు చేసే ఇళ్లనే తీసుకోండి. రాత్రి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు తిరగాలి, కరెంటు పోతే జనరేటర్ వేయాలి, అందుకని మనిషి గుంట దగ్గరే పడుకోవాలి. రొయ్యలకు తెల్లమచ్చ రోగం వస్తే పెట్టుబడి మొత్తం పోవచ్చు. దానికి తోడు 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. వాషింగ్టన్‌లో తీసుకున్న నిర్ణయం రాత్రి అన్నాల దగ్గర గొడవగా తేలుతుంది. మనస్తత్వ పరిశోధకులు లీసా నెఫ్, బెంజమిన్ కార్నీ కొత్త దంపతుల మీద చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. బయటి ఒత్తిడి పెరిగినప్పుడు భార్యలు భర్తల తప్పులను వాళ్ల గుణం కిందే జమ కట్టడం ఎక్కువైందని అందులో కనిపించింది. మామూలు రోజుల్లో "అలిసిపోయాడులే" అనుకునేదే, టెన్షన్‌లో "ఈయన తీరే ఇంత" అవుతుంది. భార్యల గురించి భర్తలు కూడా ఇలాగే అనుకోవడం మన ఊళ్లలో అరుదేమీ కాదు. కనిగిరి, మార్కాపురం వైపు నుంచి పనులకు హైదరాబాద్, బెంగళూరు వలసపోయే జంటలకు ఒత్తిడి వేరు, వరస ఇదే.

అప్పు గురించి భార్యకు చెప్పని రైతులు చాలామంది. ఆమెకు బెంగ ఎందుకని దాస్తారు. ఫలితంగా ఆమెకు కారణం తెలియదు, ఆయన కోపమే కనిపిస్తుంది. ఈ ఒక్క అలవాటు మారినా చాలా ఇళ్లలో మాట తీరు మారుతుందని నా అభిప్రాయం.

ప్రేమ పెళ్లా, పెద్దలు కుదిర్చిన పెళ్లా అన్న పాత వాదన గురించి ఎక్కువ చెప్పను. కుదిర్చిన పెళ్లిలో ప్రేమ ఏళ్లతో పాటు పెరుగుతుందనడానికి 1982 నాటి జైపూర్ అధ్యయనాన్ని చూపిస్తుంటారు. అది 50 జంటలతో చేసింది. అమెరికాలో స్థిరపడ్డ భారతీయ దంపతులపై 2012లో వచ్చిన అధ్యయనంలో రెండు రకాల పెళ్లిళ్లకూ తృప్తిలో తేడా కనిపించలేదు. జోయెల్ బృందం కూడా, ఎవరి తృప్తి ముందు ముందు పెరుగుతుందో తగ్గుతుందో చెప్పలేకపోయింది. అంత సమాచారంతో వాళ్లకు సాధ్యం కానిది ప్రొఫైల్ చూసి చెప్పగలమనే మ్యాట్రిమోనీ సైట్లను ఎంతవరకు నమ్మాలో మీరే ఆలోచించుకోండి.

ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాల్లో జరిగినవి. అత్తమామలు పక్క గదిలో ఉండగా గొంతు తగ్గించి మాట్లాడుకునే జంటలు వాటిలో తక్కువ. ఇంకో హద్దు కూడా ఉంది. కొట్టడం, బెదిరించడం, డబ్బు చేతికివ్వకుండా కట్టేయడం ఉన్న ఇంట్లో మెచ్చుకోలు, పలకరింపు గురించి ఆమెకు సలహాలివ్వడం తప్పు. "నువ్వే కాస్త సర్దుకో" అనే పెద్దమనుషులకు ఈ వ్యాసంలో ఆధారం దొరక్కూడదు. అలాంటి ఇంట్లో ఉన్న మహిళ 181 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.