పక్క రమడా

ఈ కార్తీకంలో మన తెలుగు సంఘం వనభోజనాలకి 300 మందికి సరిపడా వండాం. వచ్చినవాళ్లు 140 మంది. మిగిలిన పులిహోర, ముద్దపప్పు అల్యూమినియం ట్రేలలో సర్దుకుని ఎవరింటికి వాళ్లం పట్టుకెళ్లాం. వంట మిగలడం మనకి కొత్తేమీ కాదు. రానివాళ్లలో చాలామంది మాకు యాభై అడుగుల దూరంలో, అదే పార్కులో, పక్క రమడా కింద, అంటే పక్క పందిరి కింద, కూర్చుని భోంచేస్తున్నారు. ఆ సంగతే ఇన్ని రోజులైనా నా మనసులోంచి పోవడం లేదు.

ఆ రమడాకి ఒక కులం పేరుతో బ్యానర్ కట్టి ఉంది. ఏ కులమో ఇక్కడ రాయను. ఎందుకంటే ఈ ఒక్క కార్తీకంలోనే అరిజోనాలోని మన చాండ్లర్, గిల్బర్ట్ పార్కుల్లో అలాంటి భోజనాలు నాలుగు జరిగాయి, నాలుగూ నాలుగు పేర్లతో. వాటిలో మా పుట్టింటివైపు వాళ్లదీ ఒకటి ఉంది. వాట్సాప్‌లో నాకూ పిలుపు వచ్చింది. నేను వెళ్లలేదు, కానీ ఆ గ్రూపులోంచి ఇంతవరకూ బయటికీ రాలేదు. ఈ వ్యాసం అచ్చయ్యే లోపు వస్తాను.

మా పాపకి తొమ్మిదేళ్లు. తెలుగు బడిలో తన పక్కన కూర్చునే స్నేహితురాలు ఆ రమడా కింద కనబడింది. బూందీ లడ్డూ ఒకటి చేతిలో పట్టుకుని దానికిద్దామని పరిగెత్తింది. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది. అక్కడ ఒకావిడ, "ఇది మావాళ్ల భోజనాలు తల్లీ, నువ్వు మీ అమ్మ దగ్గరికెళ్లి తినమ్మా" అని బుగ్గ నిమిరి, చేతిలో ఒక మైసూర్‌పాక్ ముక్క పెట్టి పంపించారట. అలా అన్నది ఎవరో నేను ఇటునుంచి చూశాను. మా పాప పుట్టినప్పుడు, మా అమ్మకి వీసా రాక నేను ఒంటరిగా ఉంటే, పది రోజులపాటు మా ఇంటికి పథ్యం భోజనం పంపిన మనిషి ఆవిడ. పాప తలమీద టోపీ ఉంది. ఎవరి పిల్లో గుర్తుపట్టి ఉండరు.

ఇంటికి వెళ్తుంటే కారు వెనక సీట్లోంచి పాప అడిగింది. "అమ్మా, మావాళ్లు అంటే ఏ టీమ్? మనం ఏ టీమ్?" మైసూర్‌పాక్ పేపర్ నాప్కిన్‌లో అలాగే ఉంది, కొరకలేదు. మావారు నావైపు చూశారు. రే రోడ్డు మలుపు దాకా ఇద్దరం ఏమీ మాట్లాడలేకపోయాం.

మన ఊళ్లో కార్తీకం విలువేమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. 2023 వేసవిలో జూన్ 30 నుంచి వరుసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. ఆ ఏడు ఎడారిలో పెరిగే సగువారో జెముళ్లు కూడా నిలువునా కూలిపోయాయి. మరుసటేడు వరుసగా 113 రోజులు 100 డిగ్రీలు, ఆ పైనే. పిల్లలు పార్కులో జారుడుబల్ల ముట్టుకుంటే చేతులు కాలుతాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆరు నెలల్లో సగం రోజులు ఏసీ గదిలో, బ్లైండ్స్ మూసుకుని గడిపేస్తారు. ఉగాది వెళ్లిన కొన్నాళ్లకి మూసుకున్న తలుపులు దసరా దాటాక గానీ తెరుచుకోవు. అలా తెరుచుకున్నాక మనిషి మొహం మనిషి చూసుకునే మొదటి నెల కార్తీకం. ఆ నెలలో ఉండేది నాలుగు ఆదివారాలు. ఆ నాలుగింటినీ కులాలవారీగా పంచేసుకున్నాం.

నేను ఈ ఊరు వచ్చిన ఏడాది వనభోజనానికి నలభై మందిమే. అందరం తలా ఒక వంటకం తెచ్చాం. నేను గుత్తి వంకాయ చేస్తే ఉప్పెక్కువైంది, అయినా ఎవరూ వదల్లేదు. రిటైరైన ఒక మాస్టారు తన పెరట్లో కుండీలో పెంచిన ఉసిరి మొక్కని తోపుడుబండి మీద పెట్టుకుని తీసుకొచ్చారు. మోకాలెత్తు మొక్క. దానికి పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించి, దాని నీడ మనమీద పడకపోయినా చుట్టూ కూర్చున్నాం. అసలు నీడ వెనకున్న మెస్కీట్ చెట్టుది. మావారిది కరీంనగర్ వైపు. ఆ చెట్టు ఆకు ఒకటి తెంపి చూసి, "ఇది మన జమ్మి లెక్కనే ఉన్నది" అన్నారు. ఊరికే అన్నారనుకున్నాను. తర్వాత చదివితే నిజంగానే జమ్మికీ మెస్కీట్‌కీ చుట్టరికం ఉంది. మన ఊళ్లల్లో చెరువుగట్ల నిండా పెరిగే సర్కారు తుమ్మ అయితే అచ్చంగా మెస్కీట్ జాతే, ఈ అమెరికా ఖండం నుంచే అక్కడికి వచ్చింది. అప్పటినుంచీ మా ఇంట్లో ఆ చెట్టుని జమ్మి అనే అంటాం. మావారి ఊళ్లో దసరా సాయంత్రం జమ్మి ఆకుని "బంగారం" అని చెప్పి ఎదురుపడ్డవాళ్ల చేతిలో పెట్టి, అలయ్ బలయ్ తీసుకుంటారు. ఎదురుపడ్డవాళ్లు ఎవరని ఆ పూట చూడరట.

రమడా అన్న మాట మనం పార్కు బుకింగ్ చేసినప్పుడల్లా వాడుతూనే ఉంటాం. కొమ్మ అన్న అర్థం ఉన్న స్పానిష్ మాటలోంచి పుట్టింది. అంటే కొమ్మల పందిరి. మన చాండ్లర్‌ని ఆనుకుని గిలా రివర్ వాళ్ల నేల ఉంది కదా, అక్కడి ఓధమ్ ఆదివాసులు మెస్కీట్ గుంజలు పాతి, పైన ఎండిన సగువారో కర్రలు పరిచి ఇలాంటి పందిళ్లు వేసుకునేవారు. ఎండలో బతకడం తెలిసినవాళ్లు కట్టుకున్న నీడ అది. దాని పేరు పెట్టుకున్న సిమెంటు పందిరి కిందకి మనం బ్యానర్లు మోసుకెళ్లాం.

అక్కడ మన ఊళ్లలో మాత్రం అంతా బాగుండేదా అని అడుగుతారు. బాగుండేది కాదు. మా అమ్మమ్మగారి ఊరు కృష్ణ ఒడ్డున. కార్తీక సోమవారాలు ఉసిరి తోపులో భోజనాలు. అరిటాకు మీద నెయ్యి కారుతుంటే అమ్మమ్మ మోచేత్తో అడ్డం పెట్టేది. ఆ వాసన ఇప్పటికీ నాకు తెలుసు. పొద్దున్నే ఆ తోపు ఊడ్చి, పొయ్యిలు తవ్వి, కాలవ నుంచి నీళ్లు మోసినవాళ్లు మాత్రం మా బంతిలో కూర్చునేవాళ్లు కాదు. అందరం తిని లేచాక, కాలవగట్టు మీద, వాళ్ల గిన్నెల్లో పెట్టించుకుని తినేవాళ్లు. వాళ్లలో నా ఈడు అమ్మాయి ఒకతి ఉండేది. గట్టు మీద నుంచి మావైపే చూస్తుండేది. అదేమిటని నేను అమ్మమ్మని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని తోచలేదు. ఇప్పుడు అక్కడ కులానికో వనభోజనం. ప్రతి కార్తీకంలో పేపర్ల నిండా ఫొటోలు, ఎమ్మెల్యేలు, శాలువాలు. పాతది పోయి అది వచ్చింది. అక్కడినుంచి ఫోటోలు చూసి మనమిక్కడ అదే చేస్తున్నాం.

ఆ రమడాలో కూర్చున్నవాళ్ల మాట కూడా నేను విన్నాను. ఆ తర్వాతి వారం పథ్యం పంపిన అక్కకే ఫోన్ చేశాను. పాప సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేకపోయారు. తర్వాత ఆవిడ చెప్పినవి కొట్టిపారేయలేను. పిల్లలకి సంబంధాలు చూడాలంటే నలుగురూ ఒకచోట కలవాలి అన్నారు. సంఘం సభలకి వెళ్తే ముందు వరసలో స్పాన్సర్లు, వెనక మేము, పలకరించే నాథుడు ఉండడు అన్నారు. అది మన తప్పే. రెండేళ్ల కిందట వాళ్ల గ్రూపు ఒక విద్యార్థి భౌతికకాయాన్ని ఇండియా పంపడానికి నాలుగు రోజుల్లో డబ్బు పోగుచేసింది. ఆ అబ్బాయి ఎవరి కులమో చూడకుండానే చేశారు. అది నాకు తెలుసు.

అయితే అక్కా, మావారికి ఉద్యోగం పోయినప్పుడు మా చేతిలో ఉన్నవి 60 రోజులు. ఆలోపు ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి, హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకి ఆ 60 రోజులంటే ఏమిటో తెలుసు. రాత్రిళ్లు నిద్ర ఉండదు, పాప స్కూలు మార్చాలా, సామాను అమ్మాలా అని ఒకటే టెన్షన్. నలభై ఒకటో రోజున రిఫరల్ ఇచ్చి ఇంటర్వ్యూ ఇప్పించింది వనభోజనంలో మావారి పక్కన కూర్చున్న ఒక శ్రీకాకుళం అబ్బాయి. ఇద్దరికీ పరిచయమైంది ఆవకాయ సీసా అందుకోవడంలో. ఆ అబ్బాయి పక్క రమడాలో కూర్చుని ఉంటే మేం ఇవాళ ఈ ఊళ్లో ఉండేవాళ్లం కాదు.

చట్టాల సంగతి నేను ఎత్తడం లేదు. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షని నిషేధించినప్పుడు, అదే ఏడు అక్టోబరులో అలాంటి కాలిఫోర్నియా బిల్లుని గవర్నర్ వీటో చేసినప్పుడు మన గ్రూపుల్లో తెల్లవార్లూ వాదించుకున్నాం. ఇక్కడ కులం ఎక్కడుంది, మనల్ని బద్నాం చేస్తున్నారు అని రాసినవాళ్లలో కొందరి పేర్లు ఈ కార్తీకంలో బ్యానర్ల మీద చూశాను.

మన మామూలు పలకరింపు చూడండి. చాండ్లర్ డౌన్‌టౌన్‌లో ప్రతి డిసెంబరు టంబుల్‌వీడ్ చెట్టుకి దీపాలు పెడతారు. ఎండిపోయి దొర్లే ముళ్లపొదల్ని ఏరి, తెల్లరంగు కొట్టి, 1957 నుంచీ దాన్నే క్రిస్మస్ చెట్టుగా నిలబెడుతున్న ఊరు ఇది. ఆ జనంలో ఎక్కడో తెలుగు వినబడితే ప్రాణం లేచొస్తుంది. "ఏ ఊరండీ?" అంటాం. అంతవరకూ ఎంతో బాగుంటుంది. ఆ వెంటనే "ఇంటిపేరేంటండీ?" అంటాం. ఆ రెండో ప్రశ్న ఎందుకు అడుగుతామో అడిగేవాళ్లకీ తెలుసు, చెప్పేవాళ్లకీ తెలుసు. చెప్పడానికి తడబడి మాట మార్చేసే కుర్రవాళ్లని నేను చూశాను. వాళ్లలో కొందరు మళ్లీ మన సభలకి రాలేదు. ఆ రెండో ప్రశ్న మానేద్దాం. నేను మానేశాను.

సంపాదకవర్గానికి ఒక మనవి. పోయిన సంచిక కార్యక్రమాల పేజీలో అయిదు వనభోజనాల ప్రకటనలు వేశారు, ఒకటి సంఘానిది, నాలుగు కులాలవి. ప్రకటన డబ్బు పత్రికకి అవసరమే. ఆ నాలుగింటి ఖర్చు ఎంతో చెప్పండి, మేం కొంతమందిమి చందా వేసుకుని కడతాం. ఆ ప్రకటనలు మాత్రం వద్దు. కార్యవర్గంలో ఉన్న ఇద్దరు ఆ ఆదివారం పక్క రమడాలో మైకు పట్టుకుని ఉన్నారు. వాళ్లని వేలెత్తి చూపాలని రాయడం లేదు. ఆ ఒక్క ఆదివారం మాతో కూర్చోండి, అంతే అడుగుతున్నాను.

కేటరింగ్ ట్రేలూ, వరసలో నిలబడి ప్లేటు పట్టుకోవడమూ మానేసి మళ్లీ బంతి భోజనం పెడదాం. బంతిలో పక్కన ఎవరు కూర్చుంటారో ముందే తేల్చుకోవడం కుదరదు. వడ్డించేవాళ్లలో సగంమంది పిల్లలుండాలి. స్పాన్సర్లకి వేరే బల్ల వద్దు. కొత్తగా వచ్చిన విద్యార్థులని ముందు బంతిలో కూర్చోబెడదాం. సంబంధాలు చూసుకునేవాళ్లు అక్కడే చూసుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

వచ్చే కార్తీకానికి ఆ రెండు రమడాలనూ ఒకే పేరు మీద, సంఘం పేరు మీద తీసుకోమని కార్యవర్గానికి ఉత్తరం రాశాను. పథ్యం పంపిన అక్క కింద సంతకం చేశారు. దద్దోజనం తను చేస్తానన్నారు. మాస్టారి ఉసిరి ఇప్పుడు నా భుజం దాకా పెరిగింది, కుండీ రెండుసార్లు మార్చారు. ఆయన మోకాళ్లు సహకరించడం లేదు. కుండీ ఎత్తి ట్రక్కులో పెట్టడానికి ఇద్దరు కావాలి.