జాజ్ లేని వైసెన్ రోస్‌ల్ నాకొద్దు

ఇప్పుడే థియేటర్ నుంచి వచ్చాను. కోటు కూడా విప్పలేదు. ఇది రాయకపోతే ఈ రాత్రి నిద్రపట్టదు.

ఇక్కడ జర్మనీలో, మా పక్క ఊళ్లో 'ఇమ్ వైసెన్ రోస్‌ల్' అనే సంగీత నాటకం ఆడుతున్నారంటే ముందే టికెట్ కొనుక్కున్నాను. ఆస్ట్రియాలో వోల్ఫ్‌గాంగ్ సరస్సు ఒడ్డున ఒక హోటల్. దాని యజమానురాలంటే హెడ్ వెయిటర్‌కు ప్రాణం, ఆమె మనసేమో బెర్లిన్ లాయరు మీద. వెళ్లి చూస్తే శాక్సోఫోన్ లేదు, బాంజో లేదు. వయొలిన్లు, ఒక అకార్డియన్, అంతే! చేతికిచ్చిన నాటక వివరాల పుస్తకంలో సంగీతకర్త బెనాట్స్కీ పేరొక్కటే. విరామంలో పక్క సీటాయన "మా కొండల పాత పాటలు, ఎంత హాయిగా ఉన్నాయో" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

కొండల పాత పాటలా? 1930 నవంబరులో బెర్లిన్‌లో, ఒకప్పుడు సర్కస్ ఆడిన భవనంలో మొదలైన నాటకమండీ ఇది! జాజ్ బ్యాండూ, కొండప్రాంతపు తీగల వాద్యం జిథరూ కలిసి మోగాయి. సెలవులకొచ్చి పెత్తనం చేసే పట్నంవాళ్లనూ, వాళ్ల డబ్బు కోసం వంగి వంగి దండాలు పెట్టే హోటలువాళ్లనూ కలిపి ఆటపట్టించింది. లండన్ కొలీజియంలో 1931లో మొదలై 651 సార్లు ఆడింది. తర్వాత పారిస్, 1936లో న్యూయార్క్. ఏ ఊరికి తగ్గట్టు ఆ ఊళ్లో మార్చుకున్నారు, దానికి నాకు బాధలేదు. న్యూయార్క్‌లో దర్శకత్వం చేసింది మొదట బెర్లిన్‌లో చేసిన ఎరిక్ షారెలే.

ఆయన అక్కడెందుకున్నాడు? యూదుడు కాబట్టి. పాటలు రాసిన రాబర్ట్ గిల్బర్ట్ కూడా యూదుడే, ఆయనా దేశం వదిలాడు. నాటకాన్ని నాజీలు నిషేధించారు. యుద్ధం అయ్యాక నాటకం తిరిగొచ్చింది గానీ జాజ్ రాలేదు, తీపి వయొలిన్లు వచ్చాయి. జాగ్రెబ్‌లో దొరికిన అసలు వాద్యప్రతులతో 2009లోనే డ్రెస్‌డెన్‌లో ఆడి చూపించారు కదా! ఇంకా ఆ కడిగేసిన సంగీతమే ఎందుకు?

పాట రాసినవాళ్ల పేరు మింగేస్తే నేను అస్సలు తట్టుకోలేను. మా కాలేజీ వార్షికోత్సవంలో నా స్నేహితుడు రాసిన పాటకు ట్యూన్ కట్టినవాడి పేరే మైకులో చదివారు. నా స్నేహితుడేమో చివరి వరసలో తలదించుకుని కూర్చున్నాడు. ఇరవై ఏళ్లయినా ఆ ముఖం నాకు గుర్తుంది.

ఆ పుస్తకంలో ఖాళీ జాగాలో గిల్బర్ట్, షారెల్, ఇందులో కొన్ని పాటలకు బాణీలు కట్టిన స్టోల్జ్, గ్రానిష్టేటన్ పేర్లు పెన్నుతో రాశాను. రేపు పొద్దున్నే థియేటర్‌కు పోస్టు చేస్తున్నాను.