ట్యాబ్ ఉండగా ఇంకేం కావాలి?

"ట్యాబ్ ఉండగా ల్యాప్‌టాప్ ఎందుకండీ?" అని అడగనివాడు ఈమధ్య ఎలక్ట్రానిక్స్ షాపులో సేల్స్‌మన్‌గా పనికిరాడు. కీబోర్డు పాతరాతియుగపు వస్తువనీ, దేవుడు మనిషికి వేళ్లిచ్చిందే గాజు మీద జార్చడానికనీ మనమంతా సవినయంగా ఒప్పుకోవాల్సిందే. 2010 జనవరిలో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ తన ట్యాబ్ ఐప్యాడ్‌ను లోకానికి చూపించింది వేదిక మీద సోఫాలో కూర్చుని. ఆయన నిజాయతీగానే చూపించాడు. మనవాళ్లే ఆ సోఫాను పట్టించుకోలేదు.

మా బావమరిది షాపువాడి మాట నమ్మిన పుణ్యాత్ముడు. మెయిల్ కొట్టడం కష్టంగా ఉందని ముందు బ్లూటూత్ కీబోర్డు కొన్నాడు. తెర నిలబడ్డానికి స్టాండున్న కవరు. ఎక్సెల్‌లో ఒక గడి మీద వేలు పెడితే పక్క గడి తెరుచుకుంటోందని మౌస్. పెన్‌డ్రైవ్ దూర్చే చోటు లేదని హబ్బు. ఇన్నీ మోయడానికి ఓ బ్యాగు. "ల్యాప్‌టాప్ బ్యాగే తీసుకున్నా బావా, కరెక్టుగా సరిపోయింది" అన్నాడు, మొహం వెలిగిపోతుండగా.

మొన్న విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తూ రైల్లో ఆఫీసు పని మొదలుపెట్టాడు. కవరును మూడు మడతలు పెట్టి ఒళ్లో నిలబెట్టాడు. మోకాలు కదిలితే చాలు, తెర వెల్లకిలా పడుతోంది. ఎడం చేత్తో దాన్ని పట్టుకుని, కుడి చేతి వేలితో ఒక్కో అక్షరమే పొడుస్తున్నాడు. మౌస్ తొడ మీద. ఖాజీపేట దగ్గర కీబోర్డు ఛార్జింగ్ అయిపోయింది. సరేనని తెర మీది కీబోర్డు తెరిస్తే అది సగం తెర మింగేసింది. రాస్తున్న ముక్క దాని కిందకి పోయింది. ఎదురు సీట్లో పెద్దాయనకు జాలేసి, "నేను పట్టుకుంటాలే బాబూ, నువ్వు కొట్టుకో" అని రెండు చేతులా తెర ఎత్తి పట్టుకుని కూర్చున్నారు. ఇంతలో టీ వచ్చింది. ఆయన ఒక చెయ్యి తీశారు. బొటనవేలు ఎక్కడ తగిలిందో ఏమో, సగం రాసిన మెయిల్ మేనేజరుకు వెళ్లిపోయింది.

మావాడొక్కడిదే తెలివితక్కువతనం అనుకోకండి. 2020లో ఆపిల్ తన పెద్ద ఐప్యాడ్ ప్రోకు మ్యాజిక్ కీబోర్డు తెచ్చింది. అప్పట్లో మన దగ్గర ఆ కీబోర్డు ఒక్కదాని ధరే 31,900 రూపాయలు. రెండూ కలిపి తూస్తే సుమారు 1.35 కిలోలు. అదే కంపెనీ ల్యాప్‌టాప్ మ్యాక్‌బుక్ ఎయిర్ అప్పుడు 1.29 కిలోలు. ల్యాప్‌టాప్ మోయక్కర్లేకుండా ల్యాప్‌టాప్ కంటే ఎక్కువ బరువు మోయించారంటే మ్యాజిక్ కాక మరేమిటి?

పోనీ, వాళ్ల డబ్బు, వాళ్ల సరదా. నవ్వుకుని ఊరుకోవచ్చు. బడిపిల్లల దగ్గరికొచ్చేసరికే నవ్వు రాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచింది. వాటి నిండా వీడియో పాఠాలు. చూడ్డానికి బాగానే ఉంటాయి, కాదనను. మరి రాయడం? ఆ పిల్ల నాలుగేళ్ల తర్వాత ఎంసెట్‌కు (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) వెళ్తే అక్కడ చేతికొచ్చేది మౌసు. 2017 నుంచీ ఆ పరీక్ష కంప్యూటర్ మీదే. ఇంకో నాలుగేళ్లకు ఉద్యోగం వస్తే మొదటి రోజు చేతికిచ్చేది ల్యాప్‌టాప్. ప్రోగ్రాం రాయమని ట్యాబ్ ఇచ్చే ఐటీ కంపెనీ ఎక్కడైనా ఉందా? పక్కనే ఉన్న తమిళనాడు 2011లోనే ప్లస్‌టూ పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టింది. చెన్నై మనకంత దూరమా?

సర్కారు బడి పిల్ల చూస్తూ కూర్చుంటే చాలని ఎవరు తేల్చారు? అది ప్రోగ్రాం రాయకూడదా? ఊళ్లో నీళ్లు రావట్లేదని కలెక్టరుకు రెండు పేజీల అర్జీ కొట్టకూడదా? వేలితో పైకి తోసుకుంటూ, పాఠం అయిపోయాక ఇంకో పాఠం, అదీ అయిపోయాక ట్యాబుకు వేసిన తాళం తీయించుకుని రీల్స్ చూస్తూ ఉండాలా? అడిగితే, కావాలంటే కీబోర్డు విడిగా కొనుక్కోవచ్చు కదా అంటారు. ఎవరండీ కొనేది? మిరపకోతకు కూలికెళ్లే వాళ్లమ్మా?