గోడ మీద పిల్లి అనే ముందు

అమెరికాలో ఉంటున్న మన తెలుగు అమ్మాయి ఒక నల్లజాతి అబ్బాయిని ఇష్టపడుతోందని తెలిస్తే మన ఇళ్ళలో ప్రశ్నలు మొదలవుతాయి. ఆ అబ్బాయి బైసెక్సువల్ అని, అంటే ఆడవాళ్ళ మీదా మగవాళ్ళ మీదా ఇష్టం కలిగేవాడని కూడా తెలిస్తే ప్రశ్నలు ఆగిపోయి నేరుగా తీర్పే వస్తుంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు, గోడ మీద పిల్లి, ఏదో రోగం అంటిస్తాడు. మొదటి రెండూ మన సామెతలే. మూడోది మాత్రం అమెరికాలో తయారై మన దాకా వచ్చింది. అది ఎక్కడ పుట్టిందో తెలిస్తే వదిలించుకోవడం తేలిక.

"డౌన్ లో" అనేది నల్లజాతి వాడుకలో గుట్టుగా నడిచే ఏ సంబంధానికైనా చెల్లే మాట. 2003, 2004 ప్రాంతంలో టీవీ, పత్రికలు దాని అర్థాన్ని ఇరుకు చేశాయి. ఇంట్లో భార్య ఉండగా చాటుగా మగవాళ్ళతో తిరిగే నల్లవాడు అనే బొమ్మ గీసి, నల్లజాతి స్త్రీలలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉండటానికి వాడే కారణమని తేల్చేశాయి. 2005లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీకి చెందిన గ్రెగరీ మిల్లెట్, డాక్టర్ డేవిడ్ మాలెబ్రాంచ్, వారి సహచరులు అప్పటిదాకా అచ్చయిన అధ్యయనాలను వరసగా పరిశీలించారు. ఆ కథను నిలబెట్టే ఆధారం వాళ్ళకు దొరకలేదు. తన సంగతి దాచుకున్నవాడు బాహాటంగా చెప్పుకున్నవాడికంటే ఎక్కువ ప్రమాదం తెస్తాడన్న మాట కూడా నిలవలేదు.

మరి ఆ అంకెలు ఎందుకు ఎక్కువ? నల్లజాతివాళ్ళు ఎక్కువగా తమలో తామే జంటలు కడతారు. చిన్న వలయంలో వైరస్ ఇప్పటికే ఎక్కువగా ఉంటే, అందరిలాగే నడుచుకున్నా తగిలే అవకాశం ఎక్కువ. దానికి తోడు ఇన్సూరెన్స్ లేకపోవడం, పరీక్ష ఆలస్యం కావడం, మందు మధ్యలో ఆగిపోవడం. మన తెలుగువాళ్ళు వేలల్లో స్థిరపడిన టెక్సస్, జార్జియా రాష్ట్రాలు తక్కువ ఆదాయమున్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ను పూర్తిగా విస్తరించనివాటిలో ఉన్నాయి. అంటే మన పక్క వీధిలోనే, తక్కువ జీతమున్న మనిషికి డాక్టర్ దొరకడం కష్టం. దాన్ని అతని గుణంగా లెక్కగట్టడం అన్యాయం.

స్త్రీల మీద పడే నింద వేరు, ఇంకా పాతది. నల్లజాతి స్త్రీకి కోరికలెక్కువ అని బానిసత్వం రోజుల్లో యజమానులు ప్రచారం చేశారు. తాము చేసిన అత్యాచారాలకు అదే సాకు. ఈనాడు ఒక నల్లజాతి యువతి "నేను బైసెక్సువల్‌ని" అనగానే ఆ పాత అబద్ధమే మళ్ళీ లేస్తుంది. ముక్కూ ముఖం తెలియని జంటలు "మా ఇద్దరితో వస్తావా" అని అడుగుతాయి. తోడుగా ఉన్న మగవాడు అనుమానంతో ఫోన్ తనిఖీ చేస్తాడు. సీడీసీ 2010 సర్వేలో, అన్ని జాతుల బైసెక్సువల్ స్త్రీలనూ కలిపి చూస్తే, 61 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తమ భాగస్వామి చేతిలో అత్యాచారమో, దెబ్బలో, వెంటాడటమో ఎదుర్కొన్నారు. మగవాళ్ళను మాత్రమే ఇష్టపడే స్త్రీలలో ఆ అంకె 35. ఈ తేడా చూశాక కూడా "వాళ్ళది సరదా" అనేవాళ్ళతో నేను ఏకీభవించలేను.

ఇది కొత్త ఫ్యాషన్ అనేవాళ్ళకు రెండు పేర్లు. నల్లజాతి కవయిత్రి జూన్ జోర్డన్ 1955లో ఒక తెల్లజాతి యువకుణ్ణి పెళ్ళాడారు. జాతి దాటిన పెళ్ళిళ్ళను నిషేధించే చట్టాలను సుప్రీంకోర్టు కొట్టేసింది ఆ తర్వాత పన్నెండేళ్ళకు, 1967లో. ఆమె ఒక కొడుకును పెంచారు, స్త్రీలనూ ప్రేమించారు, తాను బైసెక్సువల్‌నని రాసుకున్నారు. బైసెక్సువల్ అయిన నల్లజాతి ఉద్యమకారుడు ఎబిలీ జోన్స్ హెనిన్‌కు పెళ్ళయి పిల్లలు పుట్టారు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా ఒక పురుషుడితో కలిసి బతికారు. 1979లో వాషింగ్టన్‌లో జరిగిన తొలి జాతీయ స్వలింగ ప్రేమికుల హక్కుల ప్రదర్శనకు ఏర్పాట్లు చూసినవారిలో ఆయనొకరు. వీళ్ళిద్దరిలో గోడ మీద కూర్చున్నదెవరు?

అయినా దాచుకునేవాళ్ళు ఎక్కువే. అమెరికాలో జనాభిప్రాయ సర్వేలు చేసే ప్యూ సంస్థ 2013 సర్వేలో, తమకు ముఖ్యమైనవాళ్ళలో అందరికీ లేదా చాలామందికి తమ విషయం తెలుసునన్న బైసెక్సువల్స్ 28 శాతమే. గే పురుషుల్లో ఆ అంకె 77. నల్లజాతివాళ్ళకైతే తమ సంగతి బయటికి చెప్పుకోవడం ఇంకా ఖరీదు. వాళ్ళకు చర్చి అంటే ప్రార్థన ఒక్కటే కాదు. ఉద్యోగం సంగతి, అద్దె ఇబ్బంది, ఇంట్లో చావు, అన్నీ అక్కడే తీరుతాయి. ఒక్క మాటతో అదంతా పోతుందంటే ఎవరైనా నోరు మెదపరు. ఈ భయం మనకు తెలియనిది కాదు, "నలుగురూ ఏమనుకుంటారో" అని మనం పెట్టుకున్న పేరే దానిది.

ఇక జంట విషయం. ఒకరు ఈ సంగతి చెప్పినప్పుడు ఎదుటివాళ్ళు తరచూ చేసే పొరపాటు ఒక్కటే, ఆకర్షణనూ మాటనూ ఒకే గాటన కట్టడం. ఎవరి మీద ఇష్టం కలగొచ్చు అన్నది ఒకటి, ఎవరికి మాటిచ్చాం అన్నది ఇంకొకటి. "అయితే నేనొక్కదాన్నే సరిపోనా?" అన్న ప్రశ్న అక్కడినుంచే పుడుతుంది. ఒక్క రాత్రిలో అన్నీ తేల్చుకోవాలని కూర్చుంటే అది విచారణగా మారుతుంది. మూడు సార్లు విడివిడిగా మాట్లాడుకోవడం మేలు. మొదటిసారి ఆ మాటకు అతని అర్థం ఏమిటో వినడం, అంతే. రెండోసారి ఇద్దరి మధ్య ఒప్పందం: మూడో మనిషి ఉండరా, పాత స్నేహాలు ఎంతవరకు, ఏది మాట తప్పడం. మూడోసారి ఎవరికి చెప్పవచ్చు అన్న జాబితా, పేర్లతో సహా. ఈ మూడోదే చాలామంది వదిలేస్తారు. తర్వాత అక్కకు చెప్పిన మాట బార్బర్ షాపు దాకా వెళ్ళి, అతను ఉండే వీధిలోనే తల దించుకోవాల్సి వస్తుంది.

హెచ్‌ఐవీ పరీక్షలు ఏ జంటకైనా ఒకటే, అతను బైసెక్సువల్ కాబట్టి అతనికొక్కడికే అనడం తప్పు. ఇద్దరూ కలిసి వెళ్ళాలి. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే యాంటిజెన్, యాంటీబాడీ పరీక్ష వైరస్ సోకిన 18 నుంచి 45 రోజుల్లో పట్టుకుంటుంది. అందుకే చివరి అనుమానం నాటి నుంచి 45 రోజులు దాటాక మళ్ళీ ఒకసారి చేయించుకోవాలి. వేలి చుక్కతో చేసే త్వరిత పరీక్షకు 90 రోజుల దాకా పట్టవచ్చు. చాలామంది వారం రోజులకే చేయించుకుని నిశ్చింతగా ఉంటారు, అది పొరపాటు. మందు వాడుతూ వైరస్ కనిపించని స్థాయిలో నిలకడగా ఉన్న వ్యక్తి నుంచి లైంగికంగా అది సోకదు. ఈ ఒక్క వాక్యం తెలిస్తే ఎన్నో ఇళ్ళలో భయం సగమవుతుంది.

మన సంఘం చేయగలిగింది ఉంది. తెలుగు సంఘాల మహాసభల్లో యువత కార్యక్రమానికి వక్తలను పిలుస్తాం, చప్పట్లు కొడతాం. ఈసారి ఒక గంట లైసెన్సున్న కౌన్సెలర్‌కు ఇద్దాం. నల్లజాతి కుటుంబాలతోనూ బైసెక్సువల్ యువతతోనూ పనిచేసిన అనుభవమున్నవారైతే మంచిది. ఇద్దరిలో ఒకరు మనవాళ్ళు, ఒకరు నల్లజాతివాళ్ళు అయిన జంటలను కూడా రమ్మనాలి, వేదిక మీదికి కాదు, మామూలుగా అందరితోపాటు కూర్చోవడానికి. తల్లిదండ్రులకు వేరే గది, పిల్లలకు వేరే గది. అమ్మానాన్నల ముందు ఏ పిల్లా నోరు తెరవదు. ప్రశ్నలు చీటీల మీద రాయించి డబ్బాలో వేయించండి. అందరికీ ఒకే రంగు కాగితం, ఒకే రకం పెన్ను ఇవ్వండి. చీటీ మీద పేరు అడగొద్దు, అడిగితే డబ్బా ఖాళీగానే తిరిగొస్తుంది.