పొట్లం మీద తెలుపు, మొక్క మీద గులాబీ

మా అత్తగారు విత్తనాలు కట్టే పొట్లం మీద పేరు రాయకపోతే ఆ రోజు నిద్రపోరు. నిరుడు చంద్రకాంత గింజలు ఏరి, పొట్లాల మీద గుండ్రటి అక్షరాలతో "తెల్ల చంద్రకాంత, పూజకు" అని రాసి, అడిగినవారికీ అడగనివారికీ పంచిపెట్టారు. ఆ గింజలను చూసి మిరియాలనుకోని మనిషి ఉండడు. పోపుల పెట్టె పక్కన పెట్టిన పొట్లం ఒకటి కట్టుపొంగలిలోకి పోబోతుంటే చివరి నిమిషంలో పట్టుకున్నాను.

వానలు పడ్డాయి, మొక్కలు లేచాయి. సాయంత్రం నాలుగు దాటాక పువ్వులు విచ్చుకున్నాయి. ఐదింటికల్లా ఎదురింటావిడ గుమ్మంలో ఉన్నారు.

"పిన్నిగారూ, మీ తెలుపు మా ఇంట్లో గులాబీగా పూసిందండీ."

"నీళ్లు ఎక్కువ పోసి ఉంటావమ్మా."

మర్నాడు మా పెరట్లోనే గులాబీ రంగు పువ్వు కనబడింది. ఇక నీళ్ల మీద నేరం మోపడం కుదరలేదు. పోలికలు వెతకడం మొదలైంది. "ఇది మా తెల్లదాని పోలిక కాదు" అని అత్తగారు తేల్చేసి, ప్రహరీ మీదుగా తొంగిచూస్తున్న వెనకింటి ఎర్ర చంద్రకాంత వైపు కళ్లు తిప్పారు. మసక చీకట్లో రెక్కల పురుగులు అటూ ఇటూ తిరుగుతూ చేసిన పెళ్లి అది. మన అనుమతి ఎవరడిగారు?

వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మామగారికి పండగే అయింది. 1900లో, తల్లిదండ్రుల పోలికలు పిల్లలకెలా వస్తాయో చెప్పే మెండెల్ సూత్రాలను మళ్లీ వెలుగులోకి తెచ్చినవారిలో ఒకడైన జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ కోరెన్స్ ఈ చంద్రకాంత మీదే పరిశోధనలు చేశాడని, ఎరుపూ తెలుపూ కలిస్తే పిల్లలన్నీ గులాబీ అని, ఆ గులాబీల పిల్లల్లో సుమారుగా నాలుగింట ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు, తక్కిన రెండూ గులాబీ అని కాఫీ చల్లారేదాకా చెప్పారు.

"ఆయన ఎవరో పరాయి పుప్పొడి పడకుండా పువ్వులకు సంచులు కట్టి ఉంటాడు. మన వీధిలో సంచులు కట్టుకుంటూ తిరిగితే బాగుంటుందా?" అన్నారు అత్తగారు.

ఆవిడ మార్గం వేరు. చంద్రకాంత ఎండల్లో పైన వాడిపోయినా కింద దుంప బతికే ఉంటుంది. వానకు అదే మళ్లీ చిగురిస్తుంది, గింజలా రంగు మార్చి దగా చేయదు. తెల్లదాని దుంపను తవ్వి, బుట్టలో పెట్టి, వెనకింటివారికి స్వయంగా ఇచ్చి వచ్చారు. ఆ ఎర్రదాన్ని తీసేసి దీన్ని పెట్టుకోమని సూటిగా అనలేక, "అక్కడ మంచి చోటుంది కదండీ" అన్నారట.

వారు మర్యాదస్తులు. ఆ దుంపను తెచ్చి ఎర్రదాని పక్కనే, కొమ్మకు కొమ్మ తగిలేలా నాటి, "జోడీ ఎంత బాగుందో చూడండి పిన్నిగారూ!" అని గోడ మీదుగా పిలిచారు.